మక్ ఎర్నన్‌ను మోసినవాళ్లు

"ఆ దుప్పటి తియ్యి తల్లీ," అన్నాడు లఖ్లన్, గుమ్మంలో నిలబడే.

మర్సలీ మగ్గం మీద నుంచి తల తిప్పి చూసింది. తండ్రి గడ్డం నిండా మంచు తుంపర. చేతికర్ర పట్టుకున్న వేళ్లు నీలం తిరిగి ఉన్నాయి. డెబ్బై ఏళ్ల మనిషి కొండ మీద నుంచి పరుగున దిగి వచ్చాడంటేనే ఆమెకు సంగతి సగం అర్థమైపోయింది.

"పోయారా?"

"తెల్లవారాక పోయాడు. నా చెయ్యి పట్టుకునే పోయాడు. ముందు ఆ దుప్పటి తియ్యి."

ఆయన అడిగింది తన మంచం మీద పరిచి ఉన్న గళ్ల నేత టార్టన్ కంబళిని. నిజానికి అది దుప్పటి కాదు, ఆయన ఒంటి మీది బట్ట. నడుముకు కుచ్చిళ్లు పోసి, తోలు పటకా బిగించి, మిగిలిన కొసను భుజం మీదికి విసురుకుంటే పగలు బట్ట, రాత్రి పక్క, వానొస్తే గుడిసె. రాజు మీద తిరగబడ్డ స్కాట్లండు కొండజనం కల్లోడెన్ బీడులో యుద్ధం ఓడిపోయాక లండన్ ప్రభుత్వం వాళ్ల పీచమణచడానికి ముందు కత్తులు లాక్కుంది, తరవాత బట్టలు లాక్కుంది. మగవాడన్నవాడు లాగే తొడగాలి, టార్టన్ కట్టి కనబడితే ఆరు నెలలు జైలు. రెండోసారి దొరికితే ఏడేళ్లు సముద్రం అవతల చాకిరీ. కట్టుకోవద్దన్నారు గానీ కప్పుకోవద్దనలేదు కనక, గ్లెన్ ఫెర్నా లోయలో మగవాళ్ల కంబళ్లన్నీ మంచాలెక్కాయి.

మొదట్లో లోయ జనం దీన్ని నవ్వులాట చేశారు. "లాగు ఉండాలన్నారు, కాళ్లకే ఉండాలన్నారా?" అని కుర్రాళ్లు లాగుల్ని కర్రలకు తగిలించి, పొడుగు చొక్కాలతోనే భుజాన మోసుకు తిరిగారు. సిపాయిలకు నవ్వు రాలేదు. లఖ్లన్ పశువుల సంతలో కంబళితో, పటకాతో సహా దొరికిపోయి ఆరు నెలలు జైలు చూసి వచ్చాడు. వచ్చిన రోజు దగ్గుతూ, లాగును నడుం దగ్గర పైకి లాక్కుంటూ, "ఇది బట్ట కాదే అమ్మాయ్, కాలికొక సంకెల," అన్నాడు.

ఇప్పుడు మర్సలీ లేచి మంచానికీ ఆయనకీ మధ్య నిలబడింది. "నాన్నా, ఈసారి పట్టుకుంటే ఓడెక్కిస్తారు."

"ఎక్కించనీ."

"ఓడలోనే పోతావు."

"పోతే పోతాను. మా అమ్మ పాలు ఒక పక్క నేను తాగితే ఇంకో పక్క వాడు తాగాడు. వాణ్ణి ఆఖరిసారి మోసేటప్పుడు ఇంగ్లీషువాడి లాగు తొడుక్కుని నిలబడమంటావా?"

వాడంటే మక్ ఎర్నన్, వంశానికి పెద్ద. లోయంతా పెద్దాయన అని పిలిచే మనిషిని వాడు అనే హక్కు లోకంలో ఒక్క లఖ్లన్‌కే ఉంది. పెద్ద కొడుకును పుట్టగానే వంశంలోని ఒక మామూలు ఇంటికి పెంపకానికివ్వడం ఆ కొండల్లో ఆచారం. మక్ ఎర్నన్ పెరిగింది లఖ్లన్ తల్లి చేతుల్లో. అక్కడ రక్తం పంచుకున్నవాళ్లు కొట్లాడుకోవచ్చు గానీ పాలు పంచుకున్నవాళ్లు విడిపోరు. వాళ్ల మాటలో క్లాన్ అంటేనే బిడ్డలని అర్థం. ఏనాటివాడో అయిన ఎర్నన్ బిడ్డలే వీళ్లంతా. గొడ్లు కాసేవాడు కూడా తన తాతల పేర్లు వరసగా చెప్పుకుంటూ పోయి ఆ ఎర్నన్ దగ్గర ఆగుతాడు. పెద్దాయన ముందు టోపీ తీస్తాడు గానీ నడుం వంచడు.

యుద్ధం తరవాత మూడేళ్ల పైన పెద్దాయన కొండ మీద, బండల సందున కట్టిన రెల్లు గుడిసెలో దాక్కుని బతికాడు. ఆయన తలకు ప్రభుత్వం పెద్ద బహుమానం కట్టింది. ఓట్స్ పిండికి కూడా కటకటలాడిన ఆ మూడేళ్లలో లోయలో ఒక్క నాలుక కదలలేదు. రొట్టె, పాలు మోసుకుపోయే లఖ్లన్‌ను చూసి గొడ్లు కాసేవాళ్లు మొహం పక్కకి తిప్పుకునేవాళ్లు, అడిగితే చూళ్లేదని అబద్ధమాడకుండా చెప్పడానికి.

"ముందు అమ్మగారి దగ్గరికి పోదాం పద," అంది మర్సలీ. దుప్పటి మాత్రం తీయలేదు.

* * *

పెద్దాయన ఇంటిని సిపాయిలు ఎప్పుడో తగలబెట్టారు. ఆయన భార్య ఇషబెల్ అమ్మగారు పశువుల కొట్టంలో ఉంటోంది. మధ్యాహ్నానికి శవాన్ని కొండ దింపి అక్కడ పడుకోబెట్టారు. పొయ్యిలో కాలే పీట్ మట్టిగడ్డల పొగలో లోయ జనమంతా గోడల వెంట నిలబడ్డారు. ఆవులు రెండు మెడలు చాచి అందర్నీ చూస్తున్నాయి.

మర్సలీ వెళ్లి పెద్దాయన మొహం చూసింది. ఒకప్పుడు గుమ్మానికి అడ్డం నిలబడితే వెలుతురు ఆగిపోయే మనిషి. ఇప్పుడు బుగ్గలు లోపలికి పోయి, కుర్రవాడిలా ఉన్నాడు. ఆమె పెళ్లికి ఆయనే వచ్చి మొదటి గ్లాసు విస్కీ ఎత్తాడు. ఆమె మొగుడు ఐవర్, ఆమె నేసిన కంబళి కట్టుకుని, ఆయన వెనకే కల్లోడెన్‌కు పోయాడు. ఆ కంబళి తిరిగి రాలేదు. ఐవర్ దాంట్లోనే ఆ బీడులో ఎక్కడో మట్టి కింద ఉన్నాడు.

మగవాళ్లు కొట్టం బయట గుమిగూడారు. సరస్సు మధ్య దీవిలో ఎర్నన్‌ల సమాధులున్నాయి. అక్కడికి పోవాలంటే దారి ఒకటే, ఏటి రేవు దాటి. రేవు పక్కనే సిపాయిల పహరా.

"మక్ ఎర్నన్ అన్నవాడు టార్టన్ కట్టినవాళ్ల భుజాల మీద తప్ప దీవికి పోలేదు. ఇప్పుడు మాత్రం వేరేలా ఎందుకు పోవాలి?" అన్నాడు లఖ్లన్.

"నేనొస్తాను మామా," అన్నాడు ఎవన్. ఇరవయ్యేళ్లవాడు, యుద్ధానికి పోవడానికి వయసు చాలక మిగిలినవాడు. వాడి వెనక ఇంకొకడు, ఆ వెనక ఇంకొకడు. చూస్తుండగానే లోయలో మిగిలిన మగవాళ్లందరూ "నేనూ" అన్నారు.

ఎవన్ తల్లి ఐరిక్ గడపలో నిలబడి వింటోంది. గొడ్డునైనా గంపలా ఎత్తేసే ఆడది, నోరు అంతకంటే పెద్దది. మొగుణ్ణి, పెద్ద కొడుకును యుద్ధం తినేసింది. ఆమె కళ్లు కొడుకు మీదే ఉన్నాయి. నోరు మెదపని ఐరిక్‌ను చూసి మర్సలీ అక్కడున్న మగవాళ్లను లెక్కపెట్టింది. వీళ్లందర్నీ ఒకేసారి ఓడెక్కిస్తే ఈ లోయలో దున్నేదెవరు? పుట్టేదెవరు? పెద్దాయనను పాతిపెట్టబోయి ఆయన వంశాన్నే పాతిపెట్టినట్టవుతుంది.

అప్పుడే పహరా నుంచి సార్జెంట్ వచ్చాడు. పేరు ఊష్జన్, ఉత్తరాది మెకే వంశస్థుడు. రాజు కొలువులో ఉన్న కొండవాడు. చట్టం సిపాయిలకు మినహాయింపు ఇచ్చింది కాబట్టి ముదురు గళ్ల టార్టన్ కట్టుకునే ఉన్నాడు. మగవాళ్లు తమ లాగుల వంకా అతని మోకాళ్ల వంకా చూసి మొహాలు గంటు పెట్టుకున్నారు. అతనికి అది అలవాటే. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"కెప్టెన్‌గారు ఖననానికి అభ్యంతరం లేదన్నారు," అన్నాడు. "బతికున్న మనిషి కోసం వెతికాం గానీ పోయినవాడితో మాకు పేచీ లేదన్నారు. అయితే ఆయుధం ఉండకూడదు. టార్టన్ ఉండకూడదు. చట్టం మళ్లీ చదివి వినిపించమన్నారు." కాగితం విప్పి, ఇంగ్లీషు మాటల్ని ఒక్కొక్కటే తమ కొండభాష గేలిక్‌లోకి మార్చి చదివాడు. "స్కాట్లండులో ఏ మగవాడు గాని, మగపిల్లవాడు గాని, ఏ మిష మీదనైనా సరే..."

"ఆగండి," అంది మర్సలీ.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆ మొదటిది మళ్లీ చదవండి సార్జెంట్‌గారూ."

అతను కాగితంలోకి చూశాడు. "ఏ మగవాడు గాని, మగపిల్లవాడు గాని."

"ఆ తరవాత?"

"ఆ తరవాత బట్టల పేర్లు. కంబళి, కిల్టు, పటకా..."

"మనుషుల్లో ఇంకెవరి పేరూ లేదా?"

ఊష్జన్ తలెత్తి ఆమెను నిదానంగా చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "లేదమ్మా, ఇంతే రాశారు," అన్నాడు. "నన్ను చదవమన్నారు, చదివాను. అర్థాలు చెప్పమని నాకు ఆజ్ఞ లేదు." టోపీ పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు.

* * *

మర్సలీ ఆడవాళ్లను కొట్టం వెనక్కి పిలిచింది.

"మనం మోద్దాం," అంది.

బ్యాగ్‌పైపులు వాయించిన ముర్దో పెళ్లాం పేగీ, ఇప్పుడు విధవ, ఎముకల పోగులాంటి మనిషి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని "ఏం మోస్తాం?" అంది.

"పెద్దాయన్ని. మన మగవాళ్ల కంబళ్లు కట్టుకుని. ఆ కాగితంలో ఆడవాళ్ల ఊసే లేదు."

ఐరిక్ నోరు అప్పుడు తెరుచుకుంది. "ఓసి నీ తెలివి తగలెయ్య! నేనా, ముర్దో కంబళి కట్టి పేగీనా, నువ్వా? ఆ పేగీని మోయడానికే ఇద్దరు కావాలి!"

"నా సంగతి నీకెందుకే," అంది పేగీ. "నీకు కట్టాలంటే రెండు కంబళ్లు కలిపి కుట్టాలి."

నవ్వు మొదలై కొట్టం చుట్టూ పాకింది. ఆ రోజు అక్కడ నవ్వడం అదే మొదలు. ఐరిక్ నవ్వుతూ నవ్వుతూనే శాలువా కొసతో కళ్లు ఒత్తుకుంది. "మా ఎవన్ ఓడెక్కకుండా ఉంటాడంటే పెద్దాయన్నే కాదు, ఆ కొండనైనా మోస్తాను," అంది.

లఖ్లన్ మాత్రం నవ్వలేదు. సంగతి చెవిన పడగానే కర్ర నేలకేసి కొట్టాడు.

"ఏం మాటే అది! ఆఖరి ఇల్లు దాటాక వాగు దగ్గర ఆడవాళ్లు ఏడ్చి వెనక్కి తిరగాలి. అది పద్ధతి. మా తాతల నాటి నుంచీ పద్ధతి. మక్ ఎర్నన్‌ను ఆడవాళ్లు మోశారని పక్క లోయల్లో చెప్పుకుంటారా?"

"చెప్పుకోనీ నాన్నా."

"నేను బతికుండగా జరగదు."

మర్సలీ తండ్రి ఎదుటికొచ్చి నిలబడింది. ఆమెకూ కోపం వచ్చింది, కానీ గొంతు పెంచలేదు.

"పెద్దాయన్ని మొట్టమొదట మోసిందెవరు నాన్నా? మగవాళ్లా? మా నానమ్మ నిన్ను ఒక చంకనా ఆయన్ని ఒక చంకనా వేసుకుని గొడ్ల వెంట కొండెక్కేదని నువ్వే చెప్పావు. మొదట ఆడది మోయొచ్చు గానీ చివర మోయకూడదా?"

చుట్టూ ఉన్న మగవాళ్లు నేల చూశారు. ఇషబెల్ అమ్మగారు గుమ్మంలోకి వచ్చి ఎప్పుడు నిలబడిందో ఎవరూ చూళ్లేదు.

"ఆయన కోసం ప్రాణాలిచ్చినవాళ్లు ఇప్పటికే చాలామంది, లఖ్లన్," అంది ఆవిడ. "ఇంకొక్కరిని కూడా అడగొద్దని ఆయనే చెప్పేవారు. నీకు తెలియదూ? ఆడవాళ్లే మోస్తారు. నేనూ మోస్తాను."

ముసలాయన చేతికర్రను గోడకు ఆనించాడు. "సరే. అయితే కుచ్చిళ్లు సరిగ్గా పొయ్యడం నేర్చుకోండి. జారిపోతే పరువు పోతుంది," అన్నాడు.

* * *

మర్నాడు పొద్దున లోయలో ఏ మంచం మీదా కంబళి లేదు. ఆడవాళ్లు గడ్డి మీద పటకాలు పరిచి, వాటి మీద కంబళ్లు కుచ్చిళ్లు పోసి, వెల్లకిలా పడుకుని నడుముకు బిగించుకున్నారు. మొగుళ్లు, కొడుకులు, తమ్ముళ్లు చుట్టూ నిలబడి నేర్పారు. ఆ బట్టల ఉన్ని వడికిందీ, రంగు వేసిందీ, నేసిందీ, తడిబట్టను బల్ల చుట్టూ కూచుని పాటలు పాడుతూ చేతులతో బాది గట్టిపరిచిందీ ఈ ఆడవాళ్లే. కట్టుకోవడం మాత్రం ఇదే మొదలు.

"అబ్బ, ఇంత బరువా!" అంది ఐరిక్ లేచి నిలబడి. "దీంతో కొండలెలా ఎక్కేవాళ్లర్రా?"

"నీ నోరు మోసేదానికి ఇదొక బరువా అమ్మా?" అన్నాడు ఎవన్, వీపు మీద దెబ్బ పడకముందే పక్కకు తప్పుకుంటూ.

మర్సలీ తండ్రి కంబళి కట్టుకుంది. ముతక నేత. ఆకుపచ్చ నేల, దాని మీద ఆల్డర్ చెట్టు బెరడు నలుపు, రాతిపాచి మరిగించి తీసిన ఇటిక రంగు గీత. పక్క ఇంటి కంబళిలో గీత కాస్త వెడల్పు, ఇంకో ఇంటిదాంట్లో పచ్చ కాస్త లేత. ఏ చేయి నేస్తే ఆ చేతి వాటం. ఇదీ మా వంశపు గుర్తు అని ఎవరూ శాసనం రాసుకోలేదు. ఆ కొండ మీద ఏం మొలుస్తుందో ఆ రంగే ఆ జనం ఒంటి మీద ఉండేది, అంతే. అయినా దూరం నుంచి చూసి పక్క లోయవాడు వీళ్లు ఫెర్నా వాళ్లని చెప్పగలడు. అందరూ కలిసి నిలబడ్డప్పుడు మర్సలీ వెనక్కి తగ్గి చూసింది. యుద్ధానికి ముందు రోజు ఈ గడ్డి మీదే మగవాళ్లు ఇలాగే నిలబడ్డారు. లఖ్లన్ ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి, వంశపు గుర్తయిన జూనిపర్ పొద రెమ్మను, వాళ్లు పెట్టుకున్న మగవాళ్ల టోపీలో గుచ్చుతూ పోయాడు. కూతురి దగ్గరికి వచ్చాక ఆమె భుజం మీది మడత సర్ది, "ఐవర్ చూస్తే మెచ్చుకునేవాడు," అని మాత్రం అన్నాడు.

శవపెట్టెను మోతకర్రల మీదికెత్తారు. అటు నలుగురు, ఇటు నలుగురు. ముందు పెద్దాయన తల వైపున ఇషబెల్ అమ్మగారు, మర్సలీ. పెట్టె తల వైపు కట్టిన తాడు పట్టుకుని, లాగు తొడుక్కుని, తలెత్తుకుని లఖ్లన్. వెనక మార్పుకు సిద్ధంగా మిగిలిన ఆడవాళ్లు. వాళ్ల వెనక, చరిత్రలో మొదటిసారి, చేతులూపుకుంటూ మగవాళ్లు.

రేవు దగ్గర సిపాయిలు బారుగా నిలబడి ఉన్నారు. కెప్టెన్ థోర్న్‌బీ గుర్రం మీద ఉన్నాడు. దుర్మార్గుడేమీ కాదు. చలీ వానా తప్ప ఏమీ లేని ఈ చోటికి తనను ఎందుకు పంపారా అని రోజూ దిగులుపడే మనిషి. దూరాన గళ్ల బట్టలు కనబడగానే చెయ్యెత్తాడు. తుపాకులు లేచాయి. అప్పటికే ముందు వరస నీళ్లలో దిగింది. ఏరు మోకాలి లోతు, కత్తిలా కోసే చలి.

దగ్గరికి వచ్చాక కెప్టెన్ కళ్లు చిట్లించి చూశాడు. టోపీల కింద జడలు. సిపాయిల్లో ఒకడు కిసుక్కుమన్నాడు.

"ఏమిటీ వేషం?" అన్నాడు కెప్టెన్. ఊష్జన్ ఆ మాట గేలిక్‌లో చెప్పాడు.

"వేషం కాదని చెప్పండి," అంది మర్సలీ. "చలిగా ఉంది, దుప్పట్లు కప్పుకున్నాం."

"టార్టన్ నిషేధమని నిన్ననే చదివి వినిపించారు."

"విన్నాం. మగవాడు, మగపిల్లవాడు అన్నారు. మాలో ఆ రెండూ ఎవరూ లేరు."

"అనుమానంగా ఉంటే గడ్డాలున్నాయేమో వెతుక్కోమను!" అంది ఐరిక్ వెనక నుంచి. "నా గడ్డానికి రెండు వెంట్రుకలున్నాయి, అవీ ఈ చలికాలమే మొలిచాయి!"

"ఆమె ఏమంటోంది?" అన్నాడు కెప్టెన్.

"తాను స్త్రీనేనని మనవి చేసుకుంటోందండీ," అన్నాడు ఊష్జన్, మొహంలో రేఖ కదలకుండా.

కెప్టెన్ సార్జెంట్ చేతిలోంచి కాగితం తీసుకుని చదివాడు. తిప్పి చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది రాజుగారిని ఎగతాళి చెయ్యడం," అన్నాడు. "నేను ఆలోచించుకోవాలి. అంతదాకా పెట్టె కిందికి దించమను."

ఊష్జన్ చెప్పాడు. మర్సలీ తల అడ్డంగా ఊపింది.

"దించం. మాలో పెట్టె నేలకు తాకితే తాకిన చోట రాళ్లు పేర్చాలి. ఏటి మధ్యలో ఎక్కడ పేర్చమంటారు? ఆయన్ని ఆలోచించుకోమనండి. మేం మోస్తూ ఉంటాం."

కెప్టెన్ ఆలోచించాడు. ఏరు పారుతూనే ఉంది. మర్సలీకి మొదట పాదాలు మండాయి, తరవాత పాదాలున్నట్టే తెలియలేదు. మోతకర్ర భుజం ఎముకలోకి దిగుతోంది. పక్కన ఇషబెల్ అమ్మగారు పెదవి పంటితో బిగబట్టి ఉంది. కంబళి అంచు నీళ్లు పీల్చి బరువెక్కింది. వెనక ఎవరో సన్నగా ఏడుపు పాట ఎత్తుకున్నారు. పెద్దాయన పేరు, ఆయన తండ్రి పేరు, ఆ తండ్రి తండ్రి పేరు. ఒక్కొక్క పేరుకూ అందరూ గొంతు కలుపుతున్నారు. సిపాయిల్లో ఇందాక నవ్వినవాడు ఇప్పుడు నవ్వడం లేదు. ఒడ్డున ఉన్న ఎవన్, మిగిలిన మగవాళ్లు పిడికిళ్లు బిగించి నిలబడ్డారు. లఖ్లన్ వాళ్ల వైపు తిరిగి ఒక్క చూపు చూశాడు. ఎవరూ అడుగు కదపలేదు. ఆ నిలబడటం, ఆ రోజుకు వాళ్ల వంతు మోత.

అప్పుడు పేగీ కాలు రాయి మీద జారింది.

మోతకర్ర ఒక వైపు ఒరిగింది. పెట్టె కదిలింది. ఐరిక్ "అయ్యో!" అని ముందుకు దూకబోయింది గానీ దూరంలో ఉంది. అందరికంటే దగ్గర ఉన్నవాడు ఊష్జన్. అతను నీళ్లలోకి రెండంగల్లో దూకి, పేగీని ఒక చేత్తో నిలబెట్టి, ఆమె భుజం స్థానంలో తన భుజం పెట్టాడు. పెట్టె నిలబడింది.

"సార్జెంట్!" అని అరిచాడు కెప్టెన్. "ఎవరి ఆజ్ఞ?"

ఊష్జన్ వెనక్కి తిరగకుండానే జవాబిచ్చాడు. "శవం ఏట్లో కొట్టుకుపోతే ఆ మాట మన పహరా మీదికి వస్తుందండీ. రాజుగారి పరువు కోసమే పట్టుకున్నాను."

కెప్టెన్ అతన్ని చూశాడు. తరవాత నీళ్లలో నిలబడ్డ ఆడవాళ్లను, వాళ్ల నీలం తిరిగిన మోకాళ్లను చూశాడు. కాగితాన్ని నిదానంగా మడిచాడు. "కాగితంలో లేనిదాన్ని నేను చేర్చలేను," అన్నాడు. తుపాకులు దించమని సైగ చేసి, తన టోపీ తీసి తొడ మీద పెట్టుకున్నాడు.

పెట్టె కదిలింది. లఖ్లన్ తాడు పట్టుకునే తల తిప్పి ఊష్జన్‌ను చూశాడు. ఆ వరసలో టార్టన్ కట్టిన మగవాడు అతనొక్కడే, అదీ అవతలి పక్షంవాడు.

"ఏ వంశంరా నీది?"

"మెకేలం, పెద్దాయనా. ఉత్తరాది."

"యుద్ధంలో ఎటు?"

"రాజు వైపు."

లఖ్లన్ తాడు బిగించి పట్టుకుని నీళ్లలో కొన్ని అడుగులు నడిచాడు.

"ఎడమ భుజం కాస్త ఎత్తు," అన్నాడు చివరికి. "వాడి తల పల్లంలోకి పోతోంది."

ఊష్జన్ భుజం ఎత్తాడు. అవతలి ఒడ్డు ఎక్కాక పేగీకి కర్ర అప్పగించి, అక్కడే ఆగిపోయాడు. పడవ దీవి చేరి, జనం కనుమరుగయ్యేదాకా ఒడ్డునే నిలబడి ఉన్నాడని తరవాత ఎవన్ చెప్పాడు.

* * *

కెప్టెన్ పైవాళ్లకు ఏం చెప్పుకున్నాడో లోయకు తెలియదు. వసంతంలో అతన్ని వేరే చోటికి మార్చారు. పోతూ పోతూ మర్సలీ ఇంటి ముందు గుర్రం ఆపి, ఆరేసిన ఉన్ని దారాల వైపు కాసేపు చూసి, ఏమీ అడక్కుండా పోయాడు. ఊష్జన్ మాత్రం ఆ చలికాలమంతా సెలవు దొరికినప్పుడల్లా లఖ్లన్ పొయ్యి దగ్గరికి వచ్చి కూచునేవాడు. మొదట్లో ఇద్దరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. తరవాత యుద్ధం గురించి పోట్లాడుకునేవాళ్లు. ఆ తరవాత పోట్లాటలో లఖ్లన్ ఒక గ్లాసు అతనికి కూడా పొయ్యడం మొదలుపెట్టాడు.

రెండేళ్లకు లఖ్లన్ తన మంచం మీదే, తన కంబళి కిందే పోయాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. మర్సలీ, ఐరిక్, మిగిలినవాళ్లు పొద్దున్నే గడ్డి మీద పటకాలు పరిచారు. ఆ తరవాత ఎవరు పోయినా అంతే. ఈ పద్ధతి పక్క లోయల్లో మొదట నవ్వులపాలైంది. తరవాత ఒక లోయ, ఇంకో లోయ, మీ వాళ్లు కుచ్చిళ్లు ఎలా పోస్తారని కబురు పంపాయి.

నిషేధం ఎత్తేసేసరికి మర్సలీ జుట్టంతా తెల్లబడిపోయింది. ఆ కబురు వచ్చిన ఏడే లోయలో ఒక పెద్దమనిషి పోయాడు. అప్పటికి నలుగురు పిల్లల తండ్రయిన ఎవన్, కొత్త టార్టన్ కట్టుకుని, మీసం దువ్వుకుని, నలుగురు మగవాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు.

"అత్తా, మీరంతా ఇన్నాళ్లు మోశారు, చాలు. ఇక మేం మోస్తాం. పక్కకు జరగండి," అన్నాడు.

మర్సలీ అతన్ని పైనుంచి కిందికి చూసింది. పక్కనే ఉన్న ఐరిక్ వైపు చూసింది. ఐరిక్‌కు ఇప్పుడు నడుం వంగిపోయింది గానీ నోరు వంగలేదు.

"తల వైపు మాదిరా అబ్బాయ్," అంది ఐరిక్. "మీకు కావాలంటే కాళ్ల వైపు పట్టుకోండి."

ఎవన్ తల గోక్కున్నాడు. తరవాత కాళ్ల వైపుకు నడిచాడు.